తెగేది అంచు దగ్గరే: గడ్డితో మల్చింగ్ షీటు తయారీ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఇక్కడ రైతులూ ఉన్నారు, విద్యార్థులూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలని వచ్చాను. మధ్యలో ఏదైనా అర్థం కాకపోతే చెయ్యెత్తండి, చివరిదాకా ఆగొద్దు.

ముందు ఈ సీసా చూడండి. చూసి వెనక వరుసకు పంపించండి. ఏళ్ల తరబడి ప్లాస్టిక్ మల్చింగ్ షీటు, అంటే మొక్కల చుట్టూ నేలను కప్పే పొర, వేసిన ఒక మడిలో మీటరు పొడవు, మీటరు వెడల్పు గీత గీసుకుని, జానెడు లోతు మట్టి తవ్వి, జల్లెడ పట్టి ఏరిన ముక్కలివి. ఒకటి రెండు అరచేయంత ఉన్నాయి, మిగతావి చాలావరకు గోరంతే. వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యేవీ ఉన్నాయి. ఒక ముక్కను మాత్రం విడిగా చిన్న కవర్లో పెట్టాను. దాన్ని కాస్త తీరిగ్గా చూడండి. ఒక మొక్క వేరు దానికి తగిలి, ముందుకు పోలేక, పక్కకు తిరిగి, దాని అంచు చుట్టూ మెలిక తిరిగి కిందికి దిగింది. వేరు ఎప్పుడో ఎండిపోయింది, ఆ మెలిక మాత్రం అలాగే ఉంది. నేను ఈ పనిలోకి రావడానికి కారణం ఆ మెలికే.

షీటు వేసిన రైతును తప్పుపట్టడానికి నేను రాలేదు. షీటు వేస్తే తేమ ఆగుతుంది, కలుపు బాధ తగ్గుతుంది, చలి రోజుల్లో వేళ్ల దగ్గర నేల వెచ్చగా ఉంటుంది, కాయ మట్టికి తగలదు. ఇవన్నీ నిజాలే, మీకు నాకన్నా బాగా తెలుసు. చిక్కు పంట అయిపోయాక మొదలవుతుంది. ఎండకు పెళుసెక్కిన షీటు లాగితే చేతిలోకి ముక్కలుగా వస్తుంది. మట్టిలో పూడ్చిన అంచులు అక్కడే తెగి ఉండిపోతాయి. లాగిన దాన్ని చుట్ట చుట్టి తూకం వేస్తే, షీటు బరువు కన్నా దానికి అంటుకున్న మట్టి, తీగలు, వేళ్ల బరువే ఎక్కువ తూగడం మామూలు. అందుకే రీసైక్లింగ్ వాళ్లు దాన్ని ముట్టుకోరు. చివరికి అది గట్టు మీద తగలబడుతుంది, లేదా రోటవేటర్ కింద పడి మరింత చిన్న ముక్కలవుతుంది.

ఒక లెక్క వేద్దాం. హెక్టారులో బెడ్ల మీద పరిచే భాగం 6,000 చదరపు మీటర్లు అనుకోండి. షీటు మందం 25 మైక్రాన్లు, పాలిథిన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.92 గ్రాములు. గుణిస్తే దాదాపు 138 కిలోలు వస్తుంది. అందులో పదో వంతు మట్టిలో మిగిలినా ఏటా 14 కిలోలు. పదేళ్లకు 140. అంటే పదేళ్లు గడిచేసరికి ఒక పూర్తి షీటు మన నేలలో కనపడకుండా పరిచి ఉంటుందన్నమాట. ప్రపంచవ్యాప్తంగా పంటలు, పశువుల పెంపకానికి ఏడాదికి 1.25 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వాడుతున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో లెక్కగట్టింది.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. పాలిథిన్‌ను 1933లో ఇంగ్లండ్‌లో, ఒక రసాయన కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా కనిపెట్టారు. వ్యవసాయంలో ప్లాస్టిక్ వాడకానికి ఆద్యుడిగా చెప్పుకునే ఎమ్మర్ట్ అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. గాజు పలకలతో గ్రీన్‌హౌస్ కట్టే స్తోమత లేక, 1948లో దాని బదులు ఒక పల్చటి పొరను కప్పారు. ఆ పొర పాలిథిన్ కాదు, సెలొఫేన్! చెట్ల గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్‌తో చేసే పొర. పాలిథిన్ ఆ తర్వాత వచ్చింది. అంటే మొక్కల నారతో పొర చేయడం మనమేదో కొత్తగా కనిపెడుతున్న విద్య కాదు. చవకగా, గట్టిగా ఇంకొకటి దొరికేసరికి పక్కన పెట్టేసిన విద్య. ఆ సెలొఫేన్ తయారీలో కార్బన్ డైసల్ఫైడ్ అనే విషపు రసాయనం వాడతారు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చుకోలేం. కానీ దారి ఉందని మాత్రం తెలుస్తోంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు మాటల గందరగోళం తీర్చాలి, ఎందుకంటే మోసం జరిగేది ఇక్కడే. ‘మొక్కల నుంచి చేసింది’ అన్నంత మాత్రాన మట్టిలో కలిసిపోతుందని కాదు. చెరకు నుంచి ఆల్కహాలు, ఆల్కహాలు నుంచి పాలిథిన్ చేయొచ్చు, చేస్తున్నారు కూడా. పుట్టింది చెరకులోనే అయినా అది పాలిథినే, కుళ్లదు. అలాగే పీబీఏటీ అనే పాలిమర్‌ను, అంటే ఒక రకం ప్లాస్టిక్‌ను, ఎక్కువగా పెట్రోలియం నుంచే చేస్తారు, కానీ నేలలోని సూక్ష్మజీవులు దాన్ని తినగలవు. ఇది ఊహ కాదు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆ పాలిమర్‌లోని కార్బన్‌కు గుర్తుపెట్టి మట్టిలో పూడ్చారు. ఆ కార్బన్ కొంత బొగ్గుపులుసు వాయువుగా బయటికి రావడం, కొంత బూజు పోగుల ఒంట్లోకి చేరడం చూసి 2018లో ప్రచురించారు.

ఇంకో మాట ‘కంపోస్టబుల్’. ఫ్యాక్టరీ కంపోస్టు కుప్పలో వేడి 58 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడిలో విరిగిపోయే పీఎల్ఏ అనే మొక్కల ప్లాస్టిక్ లాంటివి మన పొలంలో, పాతిక డిగ్రీల మట్టిలో ఏళ్లు గడిచినా అలాగే ఉండొచ్చు. ఇక మూడో రకం ‘ఆక్సో’ షీట్లు. మామూలు పాలిథిన్‌లో లోహపు లవణాలు కలుపుతారు, ఎండకు తొందరగా ముక్కలవుతుంది. ముక్కలవడం వేరు, మట్టిలో కలవడం వేరు. ఐరోపా సమాఖ్య వీటి అమ్మకాన్ని 2021 జులై నుంచి నిషేధించింది. ఎవరైనా షీటు అమ్మడానికొస్తే ఒక్క ప్రశ్న అడగండి: మట్టిలో, మామూలు వేడిలో పరీక్ష చేశారా? ఐరోపాలో 2018లో వచ్చిన ఈఎన్ 17033 ప్రమాణం అడిగేది అదే. 20 నుంచి 28 డిగ్రీల మధ్య మట్టిలో, రెండేళ్లలోపు, అందులోని కార్బన్ 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారాలి. దాంతోపాటు వానపాములకూ మొక్కలకూ హాని లేదని తేలాలి.

సరే, గడ్డి దగ్గరికొద్దాం. వరిగడ్డి, గోధుమ గడ్డి, మొక్కజొన్న చొప్ప, చెరకు పిప్పి, పత్తి కట్టె, అరటి బోదె, ఏది తీసుకున్నా లోపలుండేవి ముఖ్యంగా మూడు. పోగు సెల్యులోజ్. పోగుల మధ్య జిగురు హెమిసెల్యులోజ్. వాటిని పట్టి ఉంచే లక్క లాంటిది లిగ్నిన్. పోగు దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. ఈ సెల్యులోజూ, మనం తినే పిండి పదార్థమూ రెండూ గ్లూకోజ్ గొలుసులే. కొక్కెం తగిలించిన తీరు ఒక్కటే తేడా. ఆ చిన్న తేడాతో పిండి వేడినీళ్లలో గంజి అవుతుంది, సెల్యులోజ్ ఎంత మరిగించినా కరగదు. మన తలనొప్పి అంతా అక్కడే, మన బలమూ అక్కడే.

పిండి పదార్థంతో పొర చేయడం చాలా సులువు. గంజి కాచి, కాస్త గ్లిసరిన్ కలిపి, పలక మీద పోసి ఆరబెడితే అద్దంలాంటి పొర వస్తుంది. విద్యార్థులు మొదట చేసేది ఇదే, చేసి చాలా సంబరపడతారు. ఒక్క వాన పడితే గ్లిసరిన్ కడుక్కుపోతుంది. పొర మొదట సాగి, తర్వాత ఎండి, పెంకులా విరుగుతుంది. అందుకే మార్కెట్లో ఉన్న షీట్లలో పిండిని ఒంటరిగా వాడరు, పీబీఏటీ లాంటి వాటితో కలిపి, కరిగించి, గాలి ఊది పొరగా చేస్తారు. ఆ షీట్లు బాగానే పనిచేస్తాయి, నేను కాదనను. కానీ వాటిలో గడ్డి వాటా ఎంతని అడిగితే చాలాసార్లు సున్నా.

రెండో దారి సెల్యులోజ్‌ను కరిగించి మళ్లీ పొరగా తీయడం. చైనాలోని వూహాన్ విశ్వవిద్యాలయంలో లీనా జాంగ్ బృందం ఒక అందమైన పద్ధతి చూపించింది. 7 శాతం కాస్టిక్ సోడా, 12 శాతం యూరియా కలిపిన నీళ్లను మైనస్ 12 డిగ్రీలకు చల్లబరిచి అందులో సెల్యులోజ్ వేస్తే నిమిషాల్లో కరుగుతుంది. వేడి చేస్తే కరగనిది చలికి కరగడం మొదటిసారి కళ్లారా చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. కార్బన్ డైసల్ఫైడ్ అవసరం లేదు. పొర కూడా గట్టిగా, పారదర్శకంగా వస్తుంది. కాకపోతే శుద్ధి చేసిన సెల్యులోజ్ కావాలి, చల్లబరిచే యంత్రాలు కావాలి, వాడిన క్షారాన్ని తిరిగి పట్టుకోవాలి.

మూడో దారి కాగితం దారి. నేను ఎక్కువ కాలం గడిపింది దీని మీదే. గడ్డిని రెండంగుళాల ముక్కలుగా కోసి, మట్టి పోయేలా కడిగి, పల్చటి క్షారంలో ఉడికించి, గుజ్జు చేసి, తెర మీద పల్చగా పరిచి నొక్కి ఆరబెట్టడం. ఇదిగో, ఇలా ఉంటుంది. (షీటు చూపిస్తూ) చదరపు మీటరుకు 50 గ్రాములు. తెల్లగా లేదు చూశారా, ముదురు బెల్లం రంగులో ఉంది. ఆ రంగు గురించే ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నాను.

మొదట్లో మేం కూడా లిగ్నిన్‌ను పూర్తిగా తీసేసి తెల్లటి షీట్లు చేశాం. యంత్రం మీద లాగి చూస్తే బలంగా ఉన్నాయి. సంతోషంగా పొలానికి తీసుకెళ్లి, బెడ్డు మీద పరిచి, రెండు అంచులూ మట్టితో కప్పి, నారు పెట్టాం. మూడో వారంలో ఒక రాత్రి వాన, మర్నాడు గాలి. ఉదయం వెళ్లేసరికి షీటు ఒక పక్క మొత్తం లేచి, తెరచాపలా ఊగుతూ, తడిసిన లేత నారును చాచి కొడుతోంది. సగం మొక్కలు మెడలు విరిగాయి. ఆ మడి రైతు ఏమీ అనలేదు. వంగి విరిగిన మొక్కలను ఒక్కొక్కటే నిలబెట్టి చూస్తూ వెళ్లాడు. ఆయన మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని షీటు చూశాను. బెడ్డు పైన ఉన్న భాగం చెక్కుచెదరలేదు. మట్టి లోపల ఉన్న అంచు కూడా, మెత్తబడింది కానీ ఇంకా ఉంది. తెగింది ఒకే ఒక్క గీత మీద, షీటు మట్టిలోకి దిగే చోట, కత్తితో కోసినట్టు. ఆలోచిస్తే అది న్యాయమే. పైభాగంలో గాలి ఉంది, తేమ తక్కువ. లోతులో తేమ ఉంది, గాలి తక్కువ. ఆ గీత దగ్గర రెండూ ఉన్నాయి, పైగా సూక్ష్మజీవులన్నీ అక్కడే. గాలికి షీటు ఊగిన ప్రతిసారీ మడత పడేదీ అక్కడే. కంచె గుంజ నేల మట్టం దగ్గర పుచ్చిపోవడం మీలో చూడనివారు ఉండరు. అదే సంగతి.

అప్పటినుంచి మా ప్రశ్న మారింది. కుళ్లిపోయే షీటు చేయడం గొప్ప కాదు, గడ్డి ఎలాగూ కుళ్లుతుంది. ఆకులు బెడ్డును కప్పేదాకా అంచు నిలబడాలి. అందుకు గడ్డే జవాబు ఇచ్చింది. లిగ్నిన్‌ను సూక్ష్మజీవులు అంత తొందరగా తినలేవు. మొక్క దాన్ని తయారుచేసుకున్నది ఒక రకంగా అందుకే. మేం దాన్ని కష్టపడి, రసాయనాలు పోసి తీసేసి, ఆ తర్వాత షీటు తొందరగా కుళ్లుతోందని బాధపడుతున్నాం! ఉడికించే సమయం తగ్గించి లిగ్నిన్ కొంత ఉంచేశాం. షీటు బెల్లం రంగుకు వచ్చింది. దాంతో ఇంకో రెండు మేళ్లు జరిగాయి. ముదురు రంగు వల్ల వెలుతురు కిందికి దిగడం తగ్గింది, కలుపు గింజ మొలిచినా ఎదగదు. లిగ్నిన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది కాబట్టి ఎండదెబ్బ కూడా నారకు నేరుగా తగలదు.

అంచుకు అదనపు రక్షణ కావాలి. షీటు మొత్తానికి మైనం పూస్తే ఖర్చు, పైగా వాన నీరు లోపలికి దిగదు. అందుకే మట్టిలోకి దిగే గీతకు అటూ ఇటూ నాలుగు వేళ్ల వెడల్పున మాత్రం అవిసె నూనె పూసి ఎండబెట్టాం. ఆ నూనె గాలి తగిలితే తనంతట తానే గట్టిపడి పొరలా మారుతుంది, పాత రోజుల్లో చెక్క తలుపులకు పూసేవారే, అదే గుణం. కొన్ని చుట్టల్లో ఆ భాగాన్ని రెండు మడతలు చేసి చూశాం. నూనె మెరుగ్గా పనిచేసింది, మడత పరిచేటప్పుడు యంత్రానికి ఇబ్బంది పెట్టింది.

కాగితం షీటుకు ఉన్న ఒక గుణం రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. తుంగ మొలక సూదిలా ఉంటుంది. ప్లాస్టిక్‌ను పొడుచుకుని పైకి వచ్చేస్తుంది, మీరు చూసే ఉంటారు. కాగితం షీటును అది అంత సులువుగా పొడవలేదు, కిందే వంకరపోతుంది. తుంగ ఎక్కువున్న మడిలో ఇది చిన్న లాభం కాదు. అయితే నల్ల ప్లాస్టిక్ అంతగా ఇది నేలను వెచ్చబరచదు. చలి నేలల్లో పంట తొందరగా రావాలనుకునేవాళ్లకు ఇది లోటే.

ఇప్పుడొక చేయి లేచింది... అవునండీ, మంచి ప్రశ్న. గడ్డి మట్టిలో కలిస్తే నత్రజని లాగేసుకుంటుంది కదా, పంట పచ్చదనం తగ్గదా అని అడుగుతున్నారు. లాగేసుకుంటుంది. ఎంతో లెక్క చూద్దాం. 6,000 చదరపు మీటర్లకు 50 గ్రాముల చొప్పున 300 కిలోల షీటు. అందులో కార్బన్ సుమారు 130 కిలోలు. సూక్ష్మజీవులు తిన్న కార్బన్‌లో మూడో వంతు ఒంట్లో దాచుకుని మిగతాది ఊపిరిగా వదిలేస్తాయనుకుంటే, దాచుకున్నది 43 కిలోలు. వాటి ఒంట్లో 8 పాళ్ల కార్బన్‌కు 1 పాలు నత్రజని కావాలి. అంటే హెక్టారుకు ఐదారు కిలోల నత్రజని, అదీ తాత్కాలికంగా. ఐదు టన్నుల గడ్డిని ఒకేసారి దున్నితే వచ్చే లోటుతో పోలిస్తే ఇది చాలా చిన్నది. దుక్కిలో ఆ ఐదారు కిలోలు కలుపుకుంటే సరిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది నత్రజని కాదు, గడ్డి ఉడికించిన నల్లటి నీళ్లు. కాస్టిక్ సోడాతో ఉడికిస్తే ఆ నీళ్లలో సోడియం ఉంటుంది. పొలంలోకి వదిలితే నేల చౌడు బారుతుంది. పెద్ద మిల్లుల్లో ఆ నీళ్లను చిక్కబరిచి కాల్చి క్షారాన్ని మళ్లీ రాబట్టుకుంటారు. కానీ వరిగడ్డిలో ఉండే ఇసుక లాంటి సిలికా ఆ గొట్టాల్లో పేరుకుని పని చెడగొడుతుంది. నేలను బాగుచేస్తామని షీటు చేసి, పక్క కాలువను చంపితే మనం చేసిందేమిటి? అందుకే సోడియం బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడి చూస్తున్నాం. ఖరీదు ఎక్కువే. కానీ ఆమ్లంతో ఘాటు తగ్గించాక ఆ నీళ్లలో మిగిలేది పొటాషియం, పంటకు కావాల్సిన పోషకమే. లిగ్నిన్ కొంత ఉంచేస్తే క్షారమూ తక్కువే పడుతుంది. చూశారా, ఆ బెల్లం రంగు దగ్గరికే మళ్లీ వచ్చాం.

గడ్డంతా ఇలా షీట్లకే పోతే నేలకేం మిగులుతుందని కూడా అడగాలి. అడగకపోతే నేనే చెప్తాను. గడ్డిలో సగం గుజ్జుగా దక్కితే 300 కిలోల షీటుకు 600 కిలోల గడ్డి. హెక్టారుకు ఐదు టన్నుల గడ్డి వచ్చే చోట అది ఎనిమిదో వంతు కన్నా తక్కువ. మిగతాది నేలకూ పశువులకూ వదిలేయొచ్చు. అసలు గడ్డినే నేరుగా పరిస్తే పని జరిగే తోటల్లో, చెట్ల పాదుల్లో, షీటు జోలికే పోవద్దు, గడ్డి పరవండి. షీటు కావాల్సింది వరుసల్లో నారు నాటే కూరగాయల మళ్లకు, యంత్రంతో పరిచే చోట్లకు, గాలికి గడ్డి ఎగిరిపోయే చోట్లకు.

చివరగా మీతో ఒక పని ఉంది. బల్ల చివర నైలాన్ వల సంచులు పెట్టాను. ఒక్కోదానిలో రెండు ముక్కలు ఉన్నాయి, ఒకటి మా షీటు, ఒకటి ఉతికిన తెల్లటి నూలు గుడ్డ. ఇంటికి ఐదు సంచుల చొప్పున తీసుకెళ్లండి. బెడ్డు అంచున, షీటు మట్టిలోకి దిగే లోతులోనే పూడ్చి పుల్ల గుచ్చండి. పదిహేను రోజులకొకటి తీయండి. నూలు గుడ్డ దాదాపు పూర్తిగా సెల్యులోజే కాబట్టి, బతికున్న మట్టిలో అది కుళ్లి తీరాలి. గుడ్డే కుళ్లకపోతే ఆ మట్టి మరీ పొడిగా ఉందనో, సత్తువ తగ్గిందనో అర్థం, అక్కడ షీటును తప్పుపట్టలేం. గుడ్డ పోయి షీటు మిగిలితే, ఎన్ని రోజులకు ఏ స్థితిలో ఉందో మాకు తెలియాలి. పూడ్చిన రోజు, తీసిన రోజు, మధ్యలో వాన పడిన రోజులు రాసుకోండి. తీసిన ముక్కను మాత్రం నీళ్లతో కడగొద్దు. నీడలో ఆరనిచ్చి, మెత్తటి బ్రష్‌తో మట్టి దులిపి, అదే సంచిలో పెట్టి పంపండి. కడిగితే ముందు ఊడిపోయేది సగం కుళ్లిన అంచే, మేం చూడాల్సిందీ అదే.